ముసర నుంచి ఎలైజా దాకా: పశువు సీరం చెప్పిన సాక్ష్యం

ముసర వ్యాధి సోకిన పశువుకు ముందు జ్వరం వస్తుంది. తర్వాత నోట్లో పుళ్లు, కళ్ల వెంటా ముక్కు వెంటా కారడం, ఆపైన ఆగని పారుడు. పల్లెల్లో పెద్దరోగమనేదీ దీన్నే. చాలా పశువులు వారం పది రోజుల్లో చచ్చిపోయేవి, బతికి బయటపడ్డవాటికి మాత్రం జన్మలో మళ్లీ సోకేది కాదు. ఆ రక్షణ రక్తంలో ఎక్కడ ఉంటుంది, దాన్ని కనిపెట్టడం ఎలా అన్న ప్రశ్నకు సరైన పనిముట్టు దొరకడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

భారత్‌లో పశువుల తెగుళ్లపై విచారించిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పుణేలో బాక్టీరియా ప్రయోగశాల మొదలై, 1893లో కుమావూఁ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలింది. అంటువ్యాధి పనికి జనావాసాలకు దూరంగా ఉన్న చోటు కావాలి మరి. 1897లో రాబర్ట్ కోచ్ దక్షిణాఫ్రికాలో ముసర మీద పని ముగించుకుని, ప్లేగు పరిశీలనకు బొంబాయి వచ్చాడు. చచ్చిన పశువు పిత్తరసం ఎక్కిస్తే మిగతావాటికి రక్షణ కలుగుతుందని అతను కింబర్లీలో చూపించి ఉన్నాడు. ఆ ఏడే ముక్తేశ్వర్‌కూ వెళ్లాడు.

అప్పటికే బొంబాయి బైకుల్లాలో గ్రాంట్ మెడికల్ కాలేజీలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న తన ఒంటికే ఎక్కించుకున్నాడు. ఆవు, పంది మాంసాలు జనానికి అభ్యంతరమని మేకమాంసం రసంలో క్రిములను పెంచాడు. పైన తేలే నెయ్యి చుక్కల నుంచి అవి ఊడల్లా కిందికి వేలాడేవి.    మనిషి తెగులుకూ పశువు తెగులుకూ కారణమైన క్రిములు వేరు, కానీ టీకా పడిన ఒంట్లో రక్షణ నిలిచిందా లేదా అన్న సందేహం రెండింటికీ ఒకటే.

ఇక ముసర విషయానికొస్తే, ముక్తేశ్వర్‌లో తయారైన సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఇచ్చే రక్షణ కొద్ది వారాలే నిలిచేది. 1920లలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల్లో పెంచి బలహీనపరచిన వైరస్‌తో టీకా తెచ్చాడు. 1954లో దేశవ్యాప్త నిర్మూలన పథకం మొదలైంది. సంకరజాతి పశువులకు మేక టీకా తీవ్రంగా వికటించేది కాబట్టి, ఆ తర్వాత ప్లౌరైట్ అనే శాస్త్రవేత్త కెన్యాలో రూపొందించిన కణవర్ధన టీకా (ప్రయోగశాల కణాల్లో పెంచిన వైరస్‌తో చేసినది) దాని స్థానంలోకి వచ్చింది. కోట్ల పశువులకు టీకాలు పడ్డాయి, అయినా దక్షిణాదిని ముసర వదల్లేదు. ఏ మందలో రక్షణ ఉందో, ఏ మందలో లేదో వేలకొద్దీ పశువుల్లో చూసే సులువైన పద్ధతి లేకపోవడం పెద్ద కొరత.

ఆ కొరత తీర్చినవి 1971లో స్టాక్‌హోంలో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ రూపొందించిన ఎలైజా (యాంటీబాడీలను, అంటే క్రిమిని పట్టుకునే రక్తంలోని రక్షక ప్రొటీన్లను, ఎంజైమ్ రంగుతో పసిగట్టే పరీక్ష), 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీ. ముసరకు వాడిన పోటీ ఎలైజాలో 96 గుంటల ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది. ప్రతి గుంట అడుగునా వైరస్ ప్రొటీన్‌ను అంటిస్తారు. పశువు సీరంతోపాటు, వైరస్‌లో ఒకే ఒక చోటును పట్టుకునే ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీని పోస్తారు. ఆ ఎలుక యాంటీబాడీని పట్టే మరో యాంటీబాడీకి ఎంజైమ్ తగిలించి ఉంటుంది, దానికి రసాయనం కలిస్తే రంగు వస్తుంది. పశువు రక్తంలో ముసర యాంటీబాడీలు ఉంటే అవే ముందు ఆ చోటు ఆక్రమిస్తాయి, ఎలుకదానికి చోటు దొరకదు, రంగు లేతగానే మిగులుతుంది. లేకపోతే గుంట ముదురు రంగుకు తిరుగుతుంది. సగానికి సగం రంగు తగ్గితే ఆ పశువుకు యాంటీబాడీలు ఉన్నట్టు లెక్క.

మోనోక్లోనల్ వల్ల మరో చిక్కు విడింది. గొర్రెలు, మేకలకు వచ్చే పారుడు రోగం, అంటే పీపీఆర్, ముసరకు దగ్గరి చుట్టం. పాత పరీక్షలకు రెండూ ఒకేలా కనిపించేవి. దాని వైరస్‌ను దేశంలో మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు, ఆపైన ఆంధ్ర మందల్లోనూ బయటపడింది. దేనికది వేరే మోనోక్లోనల్ ఉండబట్టే ఏది ఏదో తేల్చగలిగారు.

1992లో మొదలైన జాతీయ ముసర నిర్మూలన ప్రాజెక్టు అసలు సవాలును ఎదుర్కొంది. రోగం లేదని రుజువు చేయాలంటే రక్తంలో యాంటీబాడీ లేదని చూపాలి, టీకా కూడా యాంటీబాడీనే పుట్టిస్తుంది. అందుకే ముందు టీకాలు ఆపారు. కొన్ని దశాబ్దాలు పశువును కాపాడిన సూదిని పక్కన పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. టీకాలు ఆగాక పుట్టిన దూడల నుంచి రక్తం తీసి, వాటి సీరం శుభ్రంగా ఉందని చూపించారు. చివరి కేసు 1995లో తమిళనాడులో కనిపించింది. 2004లో భారత్ వ్యాధిరహితమని, 2006 మేలో సంక్రమణరహితమని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2011లో ముసర ప్రపంచం నుంచే నిర్మూలన అయినట్టు ప్రకటించారు.

ఇప్పుడు గాలికుంటు వ్యాధి విషయంలో టీకా ఆపకుండానే లెక్క తేల్చే వీలుంది. శుద్ధి చేసిన టీకాలో వైరస్ నిర్మాణేతర ప్రొటీన్లు (వైరస్ ఒంట్లో పెరిగేటప్పుడు తయారయ్యేవి) ఉండవు, రోగం సోకిన పశువు రక్తంలోనే వాటికి యాంటీబాడీలు పుడతాయి. 2019లో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఈ తేడాను ఎలైజాతోనే పట్టుకుంటున్నారు.