తలలెంచి వసూలు చేసిన పన్ను

పండిన పంటపైనను, అమ్మిన సరకుపైనను రాజు విధించు సుంకము ప్రజకు భారమగునే కాని అవమానము కానేరదు. మనుష్యుని జాతినో, అతడు కొలుచు దైవమునో విచారించి అతని తలకింతయని వెలకట్టు పన్ను మాత్రము వేరొక కోవకు చెందినది. చరిత్రలో ఇట్టి పన్ను అనగానే మనకు స్ఫురించునది జిజియా. కాని ఇరువదవ శతాబ్దిలో, ప్రజాస్వామ్యమునకు పేరొందిన కెనడా దేశముననే ఒక తలపన్ను నిరాఘాటముగా సాగినదన్న సంగతి మనవారిలో ఎందరో ఎరుగరు.

ముస్లిమేతర ప్రజలు ఇస్లామీయ రాజ్యములలో రక్షణకు ప్రతిగా, సైనిక సేవ బాధ్యత లేకుండ చెల్లింపవలసిన జిజియాకు హనఫీ శాస్త్రకారులు మూడు అంతరువులు ఏర్పరచిరి: పేదకు ఏటా 12, మధ్యమునకు 24, ధనికునకు 48 దిర్హములు. స్త్రీలు, బాలురు, వృద్ధులు, అంధులు, సంపాదన లేని నిరుపేదలు దీనినుండి విముక్తులు. అయినను చెల్లించువాడు స్వయముగా వచ్చి నిలుచుండవలెననియు, పుచ్చుకొను అధికారి కూర్చుండవలెననియు కొందరు శాస్త్రకారులు నియమించుటలో దాని అసలు స్వభావము బయటపడుచున్నది. అక్బరు 1564లో తొలగించిన ఈ పన్నును ఔరంగజేబు 1679లో పునరుద్ధరించెను. 1687లో గోల్కొండ పతనమైన పిమ్మట మొగలు అధికారులతోపాటు అదియు తెలుగునేలపై అడుగుపెట్టినది. కరవును, ఎడతెగని యుద్ధమును దక్కనును కుంగదీయగా 1704లో ఆ చక్రవర్తియే ఇక్కడ దానిని సడలింపవలసి వచ్చెను.

ఇక కెనడా సంగతి. బ్రిటిషు కొలంబియా కొండలను తొలిచి పసిఫిక్ రైలుమార్గమును వేయుటకు 1881 మొదలు వేలకొలది చీనా కూలీలను రప్పించుకొన్న ఆ దేశము, 1885లో దారి పూర్తికావచ్చిన తరుణముననే, ఇకపై వచ్చు ప్రతి చీనీయుడును 50 డాలర్లు కట్టవలెనని శాసించెను. ఆ మొత్తము 1900లో 100 డాలర్లుగను, 1903లో 500 డాలర్లుగను పెరిగినది. అది నాటి కూలివానికి రెండేండ్ల కష్టార్జితము. పన్ను కట్టినవానికిచ్చు ధ్రువపత్రమున పేరు, వయస్సు, పుట్టిన ఊరు, ఎక్కివచ్చిన ఓడ, దిగిన తేదీ వ్రాయబడి, తరువాతి కాలమున ఛాయాచిత్రమును అతుకబడెను. ఆ కాగితము లేనివాడు తన ఉనికిని తానే నిరూపించుకొనవలసిన దుఃస్థితి.

ఇచట మినహాయింపులను గమనింపుడు. రాయబారులకు, వర్తకులకు, విద్యార్థులకు పన్ను లేదు; కూలివాడు మాత్రము భార్యను తెచ్చుకొనదలచినచో ఆమె తలకును 500 డాలర్లు సమర్పింపవలెను. జిజియా కనీసము నిరుపేదను విడిచిపెట్టినది. కెనడా తలపన్ను ధనికుని విడిచి పేదను పట్టుకొన్నది. ఒకటి లోబడియుండుమన్నది, మరియొకటి రావద్దన్నది. భారతీయులు బ్రిటిషు సామ్రాజ్య ప్రజలగుటచే వారిపై ఈ పన్ను వేయక, స్వదేశమునుండి ఎడతెగని ప్రయాణముననే రావలెనన్న 1908 నాటి నిబంధనతో తలుపు మూసిరి. 1914లో భారతీయ ప్రయాణికులతో వచ్చిన కొమగాటా మారు ఓడ వాంకూవరునుండి వెనుదిరిగినది అందువలననే.

దాదాపు 81,000 మంది చీనీయులనుండి రెండుకోట్ల ముప్పది లక్షల డాలర్లు ఖజానాకు చేరిన పిమ్మట, 1923 జూలై 1న పన్నుకు బదులు ప్రవేశ నిషేధమే అమలులోనికి వచ్చెను. అది 1947లో గాని రద్దు కాలేదు. 2006 జూన్ 22న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పి, బ్రతికియున్న చెల్లింపుదారులకును, మరణించినవారి జీవిత భాగస్వాములకును తలకు 20,000 డాలర్లు ప్రకటించెను. సంతానమునకు మాత్రము ఏమియు దక్కలేదు.

నేడు టొరంటోలోను, వాంకూవరులోను సుఖముగా స్థిరపడిన తెలుగువారు ఈ చరిత్రను తమ పిల్లలకు చెప్పవలెను. ఏ రాజ్యమునందైనను పన్ను ధర్మమును తూచదలచినవాడు వసూలైన మొత్తమును చూచుట చాలదు; ఎవరిని విడిచిరో, ఎవరిని పట్టిరో ఆ జాబితాను చదువవలెను.