ఏ తులం? ఏ గ్రాము?

ఉర్దూ ఫిఖ్హ్ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారికి ముందుగా అడ్డుపడేది కఠినమైన అరబీ పదం కాదు, తూకం. జకాత్ విధి కావడానికి వెండి నిసాబ్ 200 దిర్హములు. మన దేశపు ఉలమా దీనిని 52½ తులాలుగా రాశారు. అయితే ఏ తులం? బ్రిటిషు ఇండియా రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు. నిజాం రాజ్యపు హాలీ సిక్కా 11.18 గ్రాములే. నిజామాబాదులో ఎవరైనా సిక్కానే తులంగా ఎంచితే నిసాబ్ 612 గ్రాములకు బదులు 587 అవుతుంది. ఈ రెంటి మధ్య వెండి గలవానిపై జకాత్ ఉన్నట్లా, లేనట్లా? బీదవాని హక్కు ఈ ప్రశ్నలోనే ఇమిడి ఉంది.

ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో (క్రీ.శ. 696-97) ముద్రింపజేసిన దీనారు సుమారు 4.25 గ్రాములు. ఆ ప్రకారం 20 దీనార్ల బంగారు నిసాబ్ 85 గ్రాములు. మన 7½ తులాల లెక్కన 87.48. పూర్వులు యవగింజలతో కట్టిన లెక్కల్లోని భేదమే దీనికి మూలం. గింజలన్నీ ఒకే బరువు ఉండవు గదా! అందుకే ఈజిప్టులో నాణేలను సరిచూడడానికి గాజు తూకపురాళ్లు వాడారు. గాజు తుప్పు పట్టదు, అంచు గీకితే దొరికిపోతుంది. మర్వ్ నగరవాసి అల్ ఖాజినీ హిజ్రీ 515లో (క్రీ.శ. 1121-22) రచించిన 'మీజానుల్ హిక్మహ్'లో, లోహాన్ని గాలిలోను, నీటిలోను తూచి కల్తీని పట్టే త్రాసును వివరించాడు.

మార్పులేని ప్రమాణం కోసం ఈ అన్వేషణ అక్కడితో ఆగలేదు. 1889 నుండి పారిస్ సమీపంలోని ప్లాటినం-ఇరిడియం దిమ్మె కిలోగ్రాముకు ప్రమాణమైంది. దాని 57వ నకలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు వచ్చింది. కాని శతాబ్ద కాలంలో ఆ దిమ్మెకూ నకళ్లకూ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనిపించింది. కనుక 2019 మే 20 నుండి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు. మీటరు 1983 నుండే కాంతివేగంపై ఆధారపడి ఉంది.

1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ కాంటా మీద ఎన్నో చెరకు బండ్లు నిలిచాయి. 1956 చట్టం దరిమిలా మణుగులు పోయి క్వింటాళ్లు, టన్నులు వచ్చాయి. రైతు కష్టార్జితం ఆ కాంటా ముల్లుపైనే ఆధారపడింది. భౌతికశాస్త్రం ప్రమాణాన్ని స్థిరపరచగలదు. ముల్లును నొక్కే చేతిని ఆపలేదు. సూరహ్ అల్ ముతఫ్ఫిఫీన్ హెచ్చరిక ఆ చేతికే.

తోటి అనువాదకులకు ఒక విన్నపం: తులం అని రాసినచోట గ్రాములు కూడా రాయండి. అది ఏ తులమో చెప్పండి.