బొబ్బిలి: యుద్ధానికి ముందు, ఆ తరువాత

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి పేరు వినగానే 1757 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. బుర్రకథలు, 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చలనచిత్రం ఆ జ్ఞాపకాన్ని ఇంటింటికీ చేర్చాయి. అయితే ఒక్క రోజు సంఘటనతో ఒక ఊరి చరిత్ర పూర్తి కాదు. ఊరి పుట్టుకను, యుద్ధాన్ని, తరువాతి మార్పులను ఈ భాగంలో వరుసగా పరిశీలిద్దాం.

పుట్టుక

సంస్థాన సంప్రదాయం ప్రకారం, వెంకటగిరి వెలమ వంశీయుడైన పెద్దరాయుడు 17వ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చి, సైనిక సేవకు ప్రతిఫలంగా ఈ ప్రాంతాన్ని పొందాడు. 'షేర్' అంటే పులి. ఆయన గౌరవార్థం పెట్టిన 'పెబ్బులి' అనే పేరే బొబ్బిలిగా మారిందంటారు. ఇది వంశ కథనం కనుక దీనిని శాసన సాక్ష్యంతో సమానంగా స్వీకరించలేం. అయినా గోల్కొండ పాలనలో సైనిక సేవ జమీందారీకి దారితీసిన తీరును ఇది సూచిస్తుంది.

యుద్ధం

ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి అధీనంలో ఉన్న కాలంలో, విజయనగర పాలకుడు పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సహాయంతో బొబ్బిలిపై దండెత్తాడు. పొరుగు సంస్థానాల పాత తగాదాకు ఫిరంగుల బలం తోడైంది. 1757 జనవరి 24న కోట కూలింది. శత్రువుకు చిక్కకూడదని కోటలోనివారు స్త్రీలను, పిల్లలను తామే చంపుకొన్నారు. రంగారావు పోరులో మరణించాడు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని గుడారంలో హతమార్చాడు. ప్రాణాలతో మిగిలిన రంగారావు కుమారుని ద్వారా వంశం నిలిచింది.

ఆధునిక కాలం

ఆ వంశానికి చెందిన రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ నాయకుడిగా 1932లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గంలోనే కాంగ్రెస్ అభ్యర్థి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. కార్మిక నాయకుడైన గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. నాటి ఓటు హక్కు అందరికీ లేదు. అయినా రాజు సొంత ఊరిలోనే ఓడిపోవడం జమీందారీ ప్రాబల్యం సడలిందనడానికి గుర్తు.

బొబ్బిలి కీర్తిలో శ్రామికుల వాటా కూడా ఉంది. సమీపంలోని గొల్లపల్లి కళాకారులు పనస కర్రతో చెక్కే వీణలు ఊరి పేరును దూరప్రాంతాలకు చేర్చాయి. కోట పోరులో ప్రాణాలర్పించిన సామాన్యుల పేర్లు మాత్రం చాలావరకు మనకు దక్కలేదు. స్థానిక చరిత్ర చదివేటప్పుడు ఎవరి పేర్లు మిగిలాయో, ఎవరివి మిగలలేదో గమనించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

బొబ్బిలి చరిత్రలో 1757, 1937 సంవత్సరాల ప్రాధాన్యాన్ని పోల్చి చర్చించండి.