పన్నెండు చాపల గది

మన సంఘ కుటుంబాల పిల్లలు చాలామంది వారానికి రెండు మూడు సాయంత్రాలు మందపాటి తెల్లదుస్తులు తొడుక్కుని జూడో బడికో కరాటే బడికో వెళుతున్నారు. చేర్చుకునే రోజున బడివారు తల్లిదండ్రుల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. దెబ్బ తగిలితే పూచీ తమది కాదనేది అందులో సగం. మిగతా సగం నడవడిక గురించి: వేళకు రావాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి, తనకంటె బలహీనుణ్ణి బాధపెట్టకూడదు, ఆడా మగా, జాతి, మతం అనే తేడా చూపకూడదు. మనం మొదటి సగం ఒకటికి రెండుసార్లు చదువుతాం. రెండో సగం చదవకుండానే సంతకం పెడతాం. జూడో మట్టుకు తీసుకుంటే ఆ రెండో సగానికి నూటనలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అదేమీ నున్నగా సాగిన చరిత్ర కాదు.

జిగోరో కానో 1860లో జపానులో, సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే సంపన్న కుటుంబంలో పుట్టాడు. మనిషి పొట్టి, బక్కపలచన. హాస్టల్లో పెద్దపిల్లలు ఏడిపించేవారు. ఆ ఉడుకుమోత్తనంతోనే 1877లో ఫుకుదా హచినొసుకె అనే గురువు దగ్గర జుజుత్సు అనే పాత కుస్తీవిద్యలో చేరాడు. 1881లో టోక్యో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పట్టే గదిలో సొంతబడి తెరిచాడు. అదే కొడోకాన్. జపాను చాప ఒకటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంటే ఆ గది మొత్తం మన ఇళ్ళలో ముందుగదికి మించి ఉండదు. మొదటి ఏడాది చేరినవాళ్ళు తొమ్మిదిమంది.

చేరేవాడు ఒక పుస్తకంలో ప్రమాణం రాసి సంతకం చేయాలి. కారణం లేకుండా మధ్యలో మానను, బడికి తలవంపులు తేను, అనుమతి లేకుండా ఇక్కడి విద్య బయటపెట్టను, అనుమతి లేకుండా ఎవరికీ నేర్పను, నియమాలకు కట్టుబడి ఉంటాను అని దాని సారాంశం. రహస్యం తాలూకు షరతు ఇందులో ఉండటం మాకు వింతగానే తోస్తుంది. ఎందుకంటే తరవాత కానో దేశదేశాలు తిరిగి ఆ విద్యను అడిగినవారికల్లా చూపించాడు. చైనా విద్యార్థుల కోసం ఆయన నడిపిన బడిలో 1902లో చేరినవారిలో, తరవాత గొప్ప రచయిత అయిన లూ షున్ ఒకడు. వస్తాదు ఆఖరి పట్టు ఒకటి తనకోసం దాచుకుంటాడని మనవైపు చెప్పుకునేదీ ఆ రహస్యపు కోవలోదే. గడప దగ్గర వంగి నమస్కరించడం ఏ మతానికి సంబంధించినదోనని కొందరు తల్లులు సందేహిస్తారు. మన తాలింఖానాలో గోదాలోకి దిగేవాడు మట్టి తీసి నుదుట పెట్టుకోడూ, ఇదీ అటువంటిదే.

విద్యార్థి బాధ్యత అనే మాటకు జూడోలో చాలా మోటైన, చేతికి తగిలే అర్థం ఉంది. మొదట నేర్పేది పడటం. ఎత్తి వేసేవాడు ఎదుటివాడి చొక్కాచెయ్యి చివరిదాకా వదలడు. వదిలితే పడేవాడి తలకు దెబ్బ తగులుతుంది. కిందివాడు అరచేత్తో రెండుసార్లు తట్టాడంటే పైవాడు ఆ క్షణమే పట్టు విడవాలి. ఒకడు తన ఒళ్ళు ఇంకొకడికి అరువిస్తున్నాడన్నమాట. కానో 1922లో తన విద్యకు రెండు సూత్రాలు చెప్పాడు. ఒకటి శక్తిని మేలైన విధంగా వాడటం, రెండోది తానూ పరులూ కలిసి బాగుపడటం. ఆ రెండోది చాప మీద పుట్టిన మాటే అని మేమనుకుంటాం.

నియమాలు ఎంతవరకు నిలిచాయంటే, సైగో షిరో సంగతి చూడాలి. 1883లో కానో మొట్టమొదటి డాన్ పట్టాలు ఇచ్చిన ఇద్దరిలో అతనొకడు, బడికి వన్నె తెచ్చినవాడు. కానో యూరపులో ఉండగా 1890లో బడి విడిచిపోయాడు. వీధిలో జరిగిన కొట్లాట కారణమని చెప్పుకుంటారు. 1922లో అతను చనిపోయిన తరవాత కానో అతనికి ఆరో డాన్ ఇచ్చాడు. 1964 టోక్యో ఒలింపిక్సులో మరో రకం ఉదాహరణ దొరుకుతుంది. హాలెండువాడైన ఆంటన్ గీసింక్ జపాను వీరుడు కమినాగాను వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళ విద్యలోనే ఓడించాడు. హాలెండు అభిమానులు సంతోషం పట్టలేక చాప మీదికి పరుగెత్తుతుంటే, లేచీ లేవకముందే చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

ఇక ఆడవాళ్ళ సంగతి. ఇక్కడే కాగితం మీది మాటకూ ఆచరణకూ దూరం తెలుస్తుంది. 1893 నుంచే కానో ఆడవాళ్ళకు నేర్పాడు. 1926లో కొడోకాన్‌లో వాళ్ళకు ప్రత్యేకశాఖ ఏర్పడింది. 1929లో టాగూరు శాంతినికేతన్‌కు తకగాకి అనే జూడో గురువును పిలిపించినప్పుడు మగపిల్లలతోపాటు ఆడపిల్లలూ నేర్చుకున్నారు. మన గరిడీలు అప్పటికి ఆడపిల్లలను గుమ్మం దగ్గరకు కూడా రానిచ్చేవి కావు. కాని కొడోకాన్‌లోనూ ప్రవేశం వేరు, పైమెట్లు వేరు. కానో తొలిగురువు ఫుకుదా మనమరాలు కైకో ఫుకుదా 1935లో చేరింది. 1953లో ఐదో డాన్ వచ్చింది. ఆడవారికి అంతకు పైమెట్టు లేదన్నారు. ఆరో డాన్ 1972లో గాని రాలేదు. ఆమె శిష్యులు ఆమెతో సమానమైన మెట్టుకు చేరి దాటిపోయారు, ఆమె మాత్రం అక్కడే నేర్పుతూ కూచుంది. పెళ్ళి మాని జూడోనే పట్టుకున్న ఆవిడ అమెరికాకు వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడింది. 2011లో ఇక్కడి జూడోసంస్థ పదో డాన్ ఇచ్చేనాటికి ఆమె వయస్సు తొంభై ఎనిమిది. 2013లో పోయింది.

మన ఆడపిల్లలు ఈనాడు మగపిల్లలతో ఒకే వరసలో నిలబడుతున్నారంటే దానికి బ్రూక్లిన్ మనిషి ఒకావిడ కారణం. ఆమె పేరు రస్టీ కానొకోగి. 1959లో న్యూయార్కు రాష్ట్రంలోని యూటికాలో వై.ఎం.సి.ఏ. జూడో పోటీలు జరిగాయి. జట్టులో ఒకడికి దెబ్బ తగిలితే, జుట్టు పొట్టిగా ఉన్న ఆమె రొమ్ముకు పట్టీ చుట్టుకుని అతని స్థానంలో దిగింది. గెలిచింది, జట్టూ గెలిచింది. నువ్వు ఆడదానివా అని నిర్వాహకుడు అడిగితే అబద్ధమాడలేదు. పతకం వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. 1962లో కొడోకాన్‌కు వెళితే అక్కడ ఆడవాళ్ళ గుంపులో ఆమెకు సరిజోడు దొరకలేదు, మగవాళ్ళ దగ్గరకు పంపారు. 1980లో ఇల్లు తాకట్టు పెట్టి న్యూయార్కులో మొదటి మహిళల ప్రపంచపోటీలు జరిపించింది. 1988లో సియోల్‌లో ప్రదర్శనగాను, 1992లో బార్సిలోనాలో పూర్తిస్థాయి పతకాలతోను ఆడవాళ్ళ జూడో ఒలింపిక్సులో చేరింది. న్యూయార్కు వై.ఎం.సి.ఏ. వారు 2009 ఆగస్టులో ఆమెకు బంగారు పతకం ఇచ్చారు. ఆ నవంబరులోనే ఆమె కన్నుమూసింది.