బాస్కెట్ బాలు – సిద్దిపేట బాట

సికిందరాబాదునుండి ఉత్తరముగా బయలుదేరిన బాట బొల్లారము, హకీంపేట, శామీరుపేట, తుర్కపల్లి, ప్రజ్ఞాపూరు, కుకునూరుపల్లి, దుద్దెడలను దాటి, సుమారు 100 కిలోమీటర్లు నడచి సిద్దిపేట చేరును. అచ్చటినుండి కరీంనగరము వైపు సాగిపోవును. నేడు దీనిని రాజీవ్ రహదారి యనుచున్నారు. ఈ బాటవెంట ధాన్యము పోయినది. గొల్లభామ చీరలు పోయినవి. కోర్టు వ్యాజ్యములకు పోవువారు, దవాఖానకు పోవువారు, చదువులకు పోవువారు పోయిరి. వారితోపాటు మరియొక తెగ ప్రయాణికులు కూడ ఉండెడివారు. భుజమున గుడ్డసంచి, సంచిలో నిక్కరు, కాన్వాసు జోళ్లు, ఎవరో యొకరి ఒడిలో వలసంచిలోని బంతి. వీరు కళాశాలల ఆటగాండ్రు. చరిత్ర గ్రంథములు వీరిని లెక్కింపలేదు. నేడు వీరినిగూర్చి, అందును ముఖ్యముగ బాస్కెట్ బాలు ఆటనుగూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ ఆట మన నేలమీద మొలచినది కాదు. చెడుగుడును ఎవరు కనిపెట్టిరో, చిర్రగోనె ఎన్నడు పుట్టినదో ఎవరును చెప్పలేరు. బాస్కెట్ బాలుకు మాత్రము పుట్టిన దినము, పుట్టిన ఊరు, పుట్టించినవాని పేరు మూడును తెలిసినవే. 1891 డిసెంబరు 21వ తేదీన అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ కళాశాలలో, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని మొదటిసారి ఆడించెను. అది గడ్డకట్టు చలికాలము. బయట ఆటలు సాగవు. లోపలి కసరత్తులు విద్యార్థులకు విసుగు పుట్టించెను. నైస్మిత్ రెండు పెట్టెలు తెమ్మని కళాశాల నౌకరును అడిగెను. పెట్టెలు దొరకక అతడు పీచు పండ్ల గంపలు రెండు తెచ్చియిచ్చెను. వ్యాయామశాల పైవసారా కటకటాలకు ఆ గంపలను మేకులతో కొట్టిరి. ఆ వసారా నేలకు 10 అడుగుల ఎత్తున నుండెను గనుక నేటికిని లోకమంతట బాస్కెట్ బాలు రింగు 10 అడుగుల ఎత్తుననే ఉన్నది. మన భాషలో పేరు పెట్టవలసివచ్చిన దీనిని గంపబంతి యనవచ్చును. ఆనాడు పక్షమునకు 9 మంది చొప్పున 18 మంది ఆడిరి. 13 నియమములు వ్రాసి గోడకంటించిరి. ఆట ముగియువరకు గంపలో పడిన బంతి ఒక్కటే.

గంపకు అడుగు ఉండుటచేత బంతి పడినప్పుడెల్ల నిచ్చెన ఎక్కి తీయవలసివచ్చెడిది. అది కొంతకాలము సాగినది. అంతకన్న పెద్ద చిక్కు ప్రేక్షకులనుండి వచ్చెను. పైవసారాలో నిలిచి చూచువారు తమ పక్షము బంతిని చేతితో గంపలోనికి తోయుటకును, ఎదుటిపక్షము బంతిని తప్పించుటకును మొదలుపెట్టిరి. వారి చేతులకు అడ్డముగ గంప వెనుక ఒక తెర కట్టవలసివచ్చినది. నేడు మనము రింగు వెనుక చూచు పలక అట్లు పుట్టినదే. బంతిని పలకకు కొట్టి రింగులో వేయు నేర్పు తరువాత వచ్చినది. కనుక ఈ ఆటకు రూపమిచ్చినవారిలో ఆటగాండ్రతోపాటు చూడవచ్చినవారు కూడ ఉన్నారు.

అమెరికాలో ఈ ఆట కళాశాలనుండి కళాశాలకు ప్రయాణము చేయుచు పెరిగినది. 1895 ఫిబ్రవరిలో మినెసోటా రాష్ట్రమున రెండు కళాశాలల నడుమ మొదటి పోటీ జరిగినది. 1896 ఏప్రిలులో స్టాన్‌ఫర్డు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల యువతులు తమలో తాము పోటీపడిరి. 1939లో జాతీయ కళాశాలల పోటీలు ఏర్పడినవి. అభిమానులు తమ జట్టు వెంట ఊరూరు తిరుగుట అచ్చట ఆచారమైనది. పాఠశాలల సంగతియు నంతే. 1954లో ఇండియానా రాష్ట్రమున మైలన్ అను చిన్న ఊరి ఉన్నత పాఠశాల రాష్ట్ర తుదిపోటీలో మన్సీ సెంట్రల్ అను పెద్ద పాఠశాలను 32–30తో ఓడించెను. మైలన్ పాఠశాలలో ఉన్న విద్యార్థులు 161 మంది మాత్రమే. మరునాడు ఆ బాలురు ఇంటికి మరలి వచ్చునప్పుడు వేలకొలది జనులు బాట పొడుగున నిలిచి ఎదుర్కొనిరి. ఆటవలన ఊరికి పేరు వచ్చుట అట్లుండును.

మన దేశమునకు ఈ ఆట త్వరగానే వచ్చినది. స్ప్రింగ్‌ఫీల్డు మొదటి ఆటలో ఒక పక్షమునకు నాయకుడుగ నున్న డంకన్ ప్యాటన్ 1894లో దీనిని భారతదేశమునకు తెచ్చెను. కాని ఒక్కడు తెచ్చిన ఆట ఊరూరికి పోవలెనన్న నేర్పువారు కావలెను. ఆ లోటును మదరాసు తీర్చినది. 1920లో హెచ్. సి. బక్ అను అమెరికను వ్యాయామ శిక్షకుడు మదరాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. 1924లో ప్యారిస్ ఒలింపిక్సుకు వెళ్లిన మన దేశపు జట్టును నడిపించినవాడు ఈయనయే. అచ్చట చదివినవారు దక్షిణదేశపు పాఠశాలలలో డ్రిల్లు మాస్టర్లుగ చేరిరి. ఒక చేత ఈలయు, మరియొక చేత బంతియు పట్టి వారు ఈ ఆటను మన పిల్లలకు నేర్పిరి. 1934లో ఢిల్లీలో జాతీయ పోటీలు మొదలైనవి. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడినది. 1980లో మన దేశపు పురుషుల జట్టు మాస్కో ఒలింపిక్సులో ఆడినది.

ఇక మన ప్రాంతము సంగతి. హైదరాబాదులో నిజాం కళాశాల 1887లోను, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోను వెలసినవి. జిల్లాల పిల్లలు ఉన్నత విద్యకై రాజధానికే పోవలసియుండెను. పోవుటకు దారి కావలెను గదా! 1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. 1948లో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో కలసినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1958 జనవరి 11న ఆ రవాణా శాఖయే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగ మారినది. సిద్దిపేటవంటి తాలూకా పట్టణమునకు కళాశాల వచ్చినది ఆ 1950 దశకముననే. అంతవరకు పిల్లలు చదువును వెదకికొనుచు నగరమునకు పోయిరి. కళాశాల వచ్చిన పిదప ఊరి పేరు పెట్టుకొని పోటీలకు పోసాగిరి. ఒకే బాట, ఒకే బస్సు. కాని ఆ రెండు ప్రయాణములకు ఎంతో భేదము కలదు.

సిద్దిపేటకు ఆటలు కొత్త కావు. కోమటిచెరువు కట్ట క్రిందను, బడి మైదానములలోను చెడుగుడు, కోకో, వాలీబాలు ఆడనివా రరుదు. బాస్కెట్ బాలు మాత్రము ఆలస్యముగ వచ్చినది. కారణము సులభము. చెడుగుడుకు గీత గీచిన నేల చాలును. వాలీబాలుకు రెండు గుంజలు, ఒక వల చాలును. బాస్కెట్ బాలుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గట్టినేల కావలెను. మెత్తనినేలపై బంతి ఎగయదు. వాన కురిసిన మన్నులో అసలే ఎగయదు. ఆపై స్తంభములు, పలకలు, రింగులు. ఇన్నియు నమర్చుట నగరములోని సంఘములకు, రైల్వేవంటి సంస్థలకు సాధ్యమైనట్లు తాలూకా పట్టణపు బడికి సాధ్యము కాలేదు. అందుచేత మేమెరిగిన పిల్లలలో చాలమంది ఈ ఆటను సొంత ఊరిలో చూడలేదు. హైదరాబాదుకు కబడ్డీ పోటీలకో వాలీబాలు పోటీలకో పోయినప్పుడు, ప్రక్క మైదానమున మొదటిసారి చూచిరి. బాట వారికి ఆటను చూపినది.

మాకును అట్లే అయినది. చూచి వచ్చినవారు ఊరకుండరు గదా! రెండు ఇనుప గుంజలు పాతించి, కొయ్యపలకలు బిగించి, గట్టిగ దిమ్మిస చేసిన నేలపై ఆడ మొదలిడితిమి. సాధన బాగుగనే సాగినది. తెల్లవారుజామున తొలి బస్సెక్కి నగరమునకు పోటీకి పోయితిమి. ఆనాడు మేము వేసిన బంతులన్నియు రింగు ముందంచునకే తాకి వెనుకకు వచ్చెను. ఎదుటి జట్టువారు నవ్విరి. మాకు కారణము తెలియలేదు. ఊరికి వచ్చి కొలిచి చూచితిమి. మా రింగు ఉండవలసినదానికన్న బెత్తెడు దిగువనున్నది! గుంజలు పాతిననాడు ఎవరును కొలబద్ద పట్టలేదు. ఏడాది పొడుగున మేము తప్పు ఎత్తునకు చేతులను అలవాటు చేసికొంటిమి. పోటీకి పోకున్నచో ఆ తప్పు మాకెన్నటికి తెలియకుండెడిది.

ఆ రాత్రి ప్రయాణము నేటికిని కనులకు కట్టినట్లున్నది. కడపటి బస్సు. శామీరుపేట దాటువరకు ఎవరును మాటాడలేదు. కండక్టరు టికెట్లు కొట్టుచు మాయొద్దకు వచ్చి, ఒడిలోని బంతిని చూచెను.

"ఏమయింది బిడ్డా, గెలిచిండ్రా?"

"ఓడినం అన్నా."

"పోనీయుండ్రి. మల్లసారి కొట్టుండ్రి. ఏ ఊరు మనది?"

"సిద్దిపేట."

ఆ మాట వినగనే వెనుక వరుసలో కూర్చున్న బేరగాడొకడు లేచివచ్చి, ఎంత తేడాతో ఓడితిమో, ఎందుకోడితిమో అడుగసాగెను. అతడు బాస్కెట్ బాలు ఎన్నడు చూచినవాడు కాడు. బంతిని ఎందులో వేయుదురో కూడ అతనికి తెలియదు. అయినను ప్రజ్ఞాపూరు వచ్చునప్పటికి బస్సులోని సగముమంది మా ఓటమిని తమ ఓటమిగ ఎంచి బాధపడుచుండిరి. ఆట ఊరిది యగుట అనగా నేమో మాకు ఆ బస్సులో తెలిసినది.

ఊరి అభిమానమునకు ఎదుటి ఊరు ఒకటి కావలెను. సిద్దిపేటకు సహజముగ ఎదుటి ఊరు కరీంనగరము. ఒకే బాటమీది పట్టణములు, ఒకే బేరసారములు, బంధుత్వములు. రెండు పట్టణముల కళాశాలలును ఉస్మానియా క్రింద నున్నంతకాలము ఒకే అంతర్ కళాశాల పోటీలలో ఎదురుపడ వీలుండెను. 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము వెలసినప్పుడు కరీంనగరము దానికి చెందినది. మెదకు జిల్లాలోని సిద్దిపేట ఉస్మానియాలోనే నిలిచినది. 2008లో కరీంనగరమునకు శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చినది. విద్యకు ఇవి మేలైన మార్పులే, కాదనము. కాని ఆటల లెక్కలో ఇరుగుపొరుగు పట్టణములు వేరు వేరు పోటీలకు పోవలసివచ్చెను. సిద్దిపేట పిల్లల ప్రయాణములు దక్షిణమునకే మరలినవి. గంటన్నర దూరములోని ఎదుటి జట్టును ఊరివారు తమ కన్నులార చూచు అవకాశము తగ్గిపోయినది.

బాలికల విషయమున బాట మరింత ఇరుకు. నైస్మిత్ ఆట పుట్టిన ఏడాదిలోపుననే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని సమీపమున నున్న స్మిత్ కళాశాలలో దానిని యువతులకు నేర్పెను. 1893లో వారు ఆడినప్పుడు పురుషులను లోనికి రానీయలేదట! మన పట్టణములలో అడ్డంకి అది కాదు. ఆట వచ్చును, జట్టులో ఎంపికయు నగును. కాని తిరిగి వచ్చు బస్సు రాత్రి పదింటికి చేరును. "ఎవరు తోలుకొని వస్తరు?" అని తల్లి అడుగును. ఆ ప్రశ్నకు జవాబు లేక ఆగిపోయిన బాలికలను మేమెరుగుదుము. వారికి నేర్పు తక్కువై ఆగిపోలేదు. వెంట వచ్చు మనిషి లేక ఆగిపోయిరి.

నేడు కాలము మారినది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా కేంద్రమైనది. 2023 అక్టోబరు 3న మనోహరాబాదునుండి 76 కిలోమీటర్ల కొత్త మార్గమున సిద్దిపేటకు రైలు వచ్చి, సికిందరాబాదుతో కలిపినది. తరతరములుగ బస్సే గతియైన పట్టణమునకు ఇది చిన్న విషయము కాదు. గట్టినేలయు, రింగులును అమర్చుట నేడు పూర్వమంత కష్టమును కాదు.

కాని నేల పరచినంతమాత్రమున ఆట ఊరిది కానేరదు. ఇరుగు పట్టణముల కళాశాలలు ఏ విశ్వవిద్యాలయము క్రిందనున్నను ఏటేట ఒకమారు ఒకరి ఊరికొకరు పోయి ఆడుట మంచిది. తుదిపోటీ చీకటిపడకమునుపే ముగియునట్లు వేళ నిర్ణయించుట మంచిది. బాలికల జట్టు వెంట ఒక ఉపాధ్యాయినియు, వీలైన ఇద్దరు తల్లులును పోవుట మంచిది. చార్జీలకు ఊరి పెద్దలు చేయూత నిచ్చుట మంచిది. ఇవి పెద్ద ఖర్చులు కావు. ఇక ఆడించు ఉపాధ్యాయులకు మా అనుభవమునుండి ఒక్క మనవి: కొత్త గుంజలు పాతించిననాడు బంతి పట్టుటకు ముందు కొలబద్ద పట్టి, రింగు 10 అడుగుల ఎత్తున నున్నదా లేదా చూచుకొనవలెను.