ఔరంగజేబు రెండుసార్లు వచ్చాడు

రోజూ దిల్ సుఖ్ నగర్ లో మెట్రో కోసం నిలబడితే, కింద హయత్ నగర్ బోర్డుతో బస్సులు పోతుంటాయి. ఆ హయత్ ఎవరా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. మొన్న ఇంగ్లండు చరిత్ర చదువుతుంటే గుర్తొచ్చింది. నవ్వకండి, సంబంధం ఉంది.

జాన్ అనే యువరాజు 1185లో తండ్రి పంపితే ఐర్లండు వెళ్ళాడు. స్వాగతం చెప్పడానికొచ్చిన స్థానిక పెద్దల గడ్డాలు లాగి అతని పరివారం నవ్విందని ఆ కాలపు రచయిత గెరాల్డ్ రాశాడు. మళ్ళీ 1210లో రాజుగా వెళ్ళాడు, ఈసారి పెద్ద సైన్యంతో, మాట వినని తన సొంత సామంతుల పని పట్టడానికి. యువరాజుగా ఒకసారి, రాజుగా ఒకసారి. అచ్చం మన గోల్కొండకి ఔరంగజేబు వచ్చినట్టే!

1656లో ఔరంగజేబు ఇంకా చక్రవర్తి కాదు, దక్కను సుబేదారు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా అప్పటికే మొగలుల వైపు దూకేశాడు (మన భాషలో జంపింగ్). అతని కొడుకుని సుల్తాను అబ్దుల్లా ఖైదు చేయడం మంచి వంకగా దొరికింది. ముందు ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్ వచ్చి హైదరాబాదుని దోచుకున్నాడు. అబ్దుల్లా వెళ్ళి కోటలో దూరాడు. వెనకే ఔరంగజేబు వచ్చి ముట్టడి వేశాడు.

అప్పుడు మొగలు శిబిరానికి వెళ్ళి మాట్లాడింది ఎవరనుకున్నారు? సుల్తాను తల్లి, హయత్ బక్షీ బేగం. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏకైక కూతురు. అప్పటికే అరవై దాటిన మనిషి. కోటి రూపాయల పరిహారం, మనవరాలిని మహమ్మద్ సుల్తాన్ కిచ్చి పెళ్ళి (ఊరు దోచినవాడికే!)... ఇలా కుదిరింది బేరం. ఆవిడ ఒక్కరే ఆపారనడమూ తప్పే. తమ్ముడి బలం పెరగడం ఇష్టంలేని దారా షికో ఢిల్లీలో షాజహాన్ కి నచ్చజెప్పాడు, ముట్టడి ఎత్తేయమని ఫర్మానా వచ్చింది. కానీ ఆ కబురు వచ్చేదాకా మాటలతో నెట్టుకొచ్చింది ఈవిడేనని నా లెక్క.

1687లో అదే ఔరంగజేబు చక్రవర్తిగా వచ్చాడు. ఆపడానికి తండ్రీ లేడు, అన్నా లేడు. బేగం 1667లోనే పోయారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని కోట తలుపు తీశాడు. తానీషాని దౌలతాబాద్ కోటలో పెట్టారు, అక్కడే పోయాడు.

మనకి తెలిసిందల్లా ఆ తలుపు తీసినవాడి కథే. ముప్పై ఏళ్ళ ముందు అదే తలుపు దగ్గర యుద్ధం ఆపిన ఆవిడ పేరు మాత్రం బస్సు బోర్డు మీద ఉంది. ఎల్బీనగర్ దాటాక విజయవాడ హైవే పక్కన ఆవిడ పేరుతో మసీదు, దాని దగ్గరే హాథీ బావ్లీ ఇంకా ఉన్నాయి. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆ దారినే పోతాను. ఒక్కసారీ దిగలేదు.