దండారి విడిది: గోండుపల్లెలలో వేషధారుల యాతిథ్యము

వేషము ధరించి వచ్చినవారిని ఊరిలోనికి బిలిచి, కూడుపెట్టి, వారితో గూడి పండుగ చేసికొనుట మన చరిత్రకారులు అంతగా పట్టించుకొనని విషయము. వేషమనగానే వారి దృష్టి ఆడువానిపై నిలుచును. ఆదరించిన యింటివానిపై నిలువదు. జాయపసేనాని క్రీ. శ. 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళియందు దేశినృత్తములలో బహురూపమును గూడ జేర్చెను. కాకతీయ గణపతిదేవుని కాలమునకే వేషప్రదర్శనము శాస్త్రమున కెక్కినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. అయినను లక్షణగ్రంథము నృత్తమును జెప్పునుగాని వాకిలిని జెప్పదు. ఆ వాకిలి యెట్టిదో తెలియవలెనన్న గ్రంథములను విడిచి గోదావరి దాటి ఆదిలాబాదు కొండలకు బోవలెను.

అచ్చటి రాజగోండులును కోలాములును ఆశ్వయుజ పౌర్ణమి మొదలు దీపావళి వరకు గల దినములలో దండారి యను పండుగ చేయుదురు. వానకారు పనులు తగ్గి పంట చేతికి రానున్న కాలమది. ముందుగా ఊరి పటేలు ఇంట భోగి యను పూజ జరుగును. డప్పు, తుడుము, పిప్రి మున్నగు వాద్యములను, వేషసామగ్రిని వెలికిదీసి, ఏత్మాసూర్ దేవుని దలచి వానిని కొలుతురు. గోదావరి యొడ్డున గుడిరేవు కడ వెలసిన పద్మల్‌పురి కాకో దేవతను దర్శించుటయు ఈ దినములలోనే.

దండారి జట్టులోని ముఖ్య వేషధారి పేరు గుస్సాడీ. తలపై నెమలి పించెములతో గట్టిన పెద్ద కిరీటము. దానికి పొట్టేటి కొమ్ములును గూర్తురు. ఒడలెల్ల బూడిద, పెట్టుడు గడ్డము, మెడలో పూసలపేరులు, భుజముపై మృగచర్మము, నడుమునను కాళ్లను మువ్వలు, చేత కఱ్ఱ. వేషము గట్టినది మొదలు విడుచువఱకు అతడు స్నానము చేయడు. ఆ కఱ్ఱ తాకినచో రోగములు తొలగునని నమ్మిక. వీరితోపాటు ఆడువేషము వేసిన యువకులు పోరిక్ అను పేర ఆడుదురు. గుస్సాడీ నవ్వించును, బెదరించును, మరుక్షణమున దేవుడై దీవించును. ఈ మూడింటిని ఒక్క వేషమున నిముడ్చుట సామాన్యము కాదు.

ఇంతవఱకు పత్రికలలో దఱచుగా గానవచ్చునదే. అసలు సంగతి జట్టు పొలిమేర దాటిన పిదప మొదలగును. దండారి తన యూరిలో నాడుటతో తీరదు. పొరుగూరికి అతిథిగా బోవలెను. వచ్చిన జట్టును ఆ యూరివారు వాద్యములతో నెదుర్కొని తోడ్కొని పోదురు. రాత్రియెల్ల ఆటలు, పాటలు. విందు పెట్టుట ఒక్క గృహస్థుని పని గాదు. పటేలు ముందుండగా ఊరెల్ల పూనుకొనును. తమ యూరికి వచ్చినవారి యూరికి తామును మరల బోవుట మర్యాద.

ఎవరి యూరికి ఎవరు పోవుదురను ప్రశ్నకు సమాధానము గోండుల కులవ్యవస్థయందున్నది. వారు నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతలవారని నాలుగు సగలుగా విభక్తులు. ఒకే సగవారిలో వివాహము నిషిద్ధము. వియ్యమందవలెనన్న పరసగవారి పరిచయము గావలయును. దండారి రాకపోకలలో బంధువులు గలిసికొందురు, పిల్లలను చూచుకొందురు, సంబంధములు గుదురును. కావున ఈ విడిదిని కేవల వినోదమనుట పొరబాటు. వేషము దైవమునకు, విందు వియ్యమునకు.

మనమెరిగిన ఇతర వేషములతో పోల్చిన దీని ప్రత్యేకత తేటపడును. గోదావరికి దక్షిణమున కరీంనగరు పల్లెలలో పగటివేషగాడు వాకిటికి వచ్చును, మెప్పించును, ప్రతిఫలమంది పోవును; ఇంటివాడు ప్రేక్షకుడే. పడమటి దేశములలో క్రైస్తవుల ఉపవాసదినములకు ముందు జరుగు కార్నివాలునందు, ముఖ్యముగా వెనిస్ నగరమున, ముసుగు పెట్టుకొనుట తానెవరో తెలియకుండుటకు. గుస్సాడీ యెవరి కుమారుడో ఊరందరికి దెలియును. తెలిసియు పెద్దలు దైవభావమున జూతురు. దాచుట అచ్చట వేషమునకు ప్రయోజనమే గాదు.

దండారి, జాయప చెప్పిన దండరాసకము, ఈ రెండు మాటల పోలికను బట్టి యొకదాని నుండి మఱియొకదానిని బుట్టింపవలెనని కొందఱికి తోచవచ్చును. శబ్దసామ్యము చరిత్ర గాదు. గోండులకు తమ భాష, తమ దేవతలు, తమ కథకులైన పర్ధానులు, తోటీలు ఉండగా వారి పండుగకు మన గ్రంథములలో మూలము వెదకుట వారి యింటికి మనము యజమానులమైనట్లుండును.

1940లో జోడెఘాట్ కడ కుమురం భీము మరణించిన పిదప నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను విచారింప వియన్నాలో బుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫును నియోగించెను. భీము వర్ధంతిని దండారి దినములకు వాకిలియైన ఆశ్వయుజ పౌర్ణమినాడే జరుపుదురు. హైమన్‌డార్ఫు మర్లవాయిలో నివసించి రచించిన రాజగోండుల గ్రంథము 1948లో వెలువడెను. 1987లో గతించిన ఆయన భార్య ఎలిజబెత్తు సమాధి ఆ యూరనే యున్నది. పరదేశియైన అతిథిని ఆ పల్లె ఎంత తనవానిగా జేసికొనెనో దీనివలన దెలియును.

ఆ మర్లవాయివాడే కనకరాజు. 1981లో ఢిల్లీలో ప్రధాని ఇందిరాగాంధి యెదుట గుస్సాడీ నాడించి ఈ నృత్యమును దేశమునకు జూపెను; 2021లో పద్మశ్రీ బిరుదమందెను. ఎందఱో యువకులకు నేర్పెను. గౌరవము తగినదే. అయినను రంగస్థలమున నొక లోపము గలదు: అచ్చట అతిథి యుండును, గృహస్థుడుండడు. పది నిమిషములాడి దిగిన జట్టునకు మారు విడిది ఋణము లేదు, వియ్యపు మాటయు లేదు. పించెములు, బూడిద, మువ్వలు యథాతథముగా నున్నను దండారిలో సగము పల్లెలోనే నిలిచిపోవును. నృత్యమును భద్రపరుపగోరు సంస్థలు జట్లకు వాద్యములిచ్చుటతోపాటు, ఏ యూరి జట్టు ఏ యూరికి బోయెను, ఏ యేట రాకపోకలు నిలిచెను అను వివరములను గూడ వ్రాసియుంచిన మేలు. పాఠశాలలలోని ఉపాధ్యాయు లీపని సులభముగా జేయగలరు.

కనకరాజు 2024 అక్టోబరు 25న మర్లవాయిలో గతించెను. దీపావళికి ఇంకను ఆరు దినములుండెను; అవి దండారి దినములు.